కాలేయం మిగిలి ఉండగానే

(ఫార్మసీ విద్యార్థులు, రోగుల బంధువులు హాజరైన సభలో ఒక మెడికల్ ఆంకాలజిస్టు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ముదిరిన లివర్ కేన్సర్‌కి టార్గెటెడ్ మందులు, అంటే కణంలో ఫలానా చోటికే గురిపెట్టే మందులు, ఎలా వచ్చాయో చెప్పమని నన్ను అడిగారు. ముందు వరసల్లో ఫార్మసీ పిల్లలు, వెనకాల రోగుల తాలూకు వాళ్ళు కూర్చున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా చెప్పాలని నా ప్రయత్నం. ఒక్క మాట మాత్రం మొదటే చెప్పేస్తాను, తక్కిన ప్రసంగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. లివర్ కేన్సర్‌లో మందు పనిచేస్తుందా లేదా అన్నది గడ్డని బట్టి సగమే తేలుతుంది. మిగతా సగం ఆ గడ్డ చుట్టూ కాలేయం ఎంత మిగిలి ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. ఈ జబ్బులో నెగ్గిన మందుల్ని చూసినా, ఓడిన మందుల్ని చూసినా నాకు కనిపించేది ఇదే.

లివర్ కేన్సర్ అంటే ఇక్కడ కాలేయంలోనే పుట్టిన కేన్సర్ అని అర్థం. పేగులోనో రొమ్ములోనో పుట్టి కాలేయానికి పాకినది వేరే సంగతి, దాని వైద్యం వేరు. కాలేయ కణాల్లో పుట్టేదాన్ని హెపటోసెల్యులర్ కార్సినోమా అంటాం, పొట్టిగా హెచ్‌సీసీ. 2022లో ప్రపంచం మొత్తం మీద కొత్తగా సుమారు 8 లక్షల 65 వేల మందికి లివర్ కేన్సర్ వచ్చింది, అదే ఏడాది సుమారు 7 లక్షల 57 వేల మంది దానితో చనిపోయారు. ఈ రెండు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. రొమ్ము కేన్సర్‌కి ఇవే లెక్కలు తీస్తే చనిపోయేవాళ్ళ సంఖ్య వచ్చినవాళ్ళ సంఖ్యలో మూడో వంతు కూడా ఉండదు.

ఎందుకింత కఠినం? మా దగ్గరికి వచ్చే లివర్ కేన్సర్ రోగుల్లో చాలామందికి ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. కేన్సర్ రావడానికి చాలా ముందే కాలేయం దెబ్బతిని ఉంటుంది. హెపటైటిస్-బి వైరస్, హెపటైటిస్-సి వైరస్, ఏళ్ళ తరబడి మద్యం, ఈమధ్య షుగరు, ఊబకాయంతో కాలేయంలో పేరుకునే కొవ్వు. కారణం ఏదైనా కాలేయం మాటిమాటికీ గాయపడి, మాని, మచ్చలు కట్టి గట్టిపడుతుంది. అదే సిర్రోసిస్. హెచ్‌సీసీ వచ్చినవాళ్ళలో అత్యధికులకు ముందే సిర్రోసిస్ ఉంటుంది.

కాలేయం చేసే పనులు మీకు పాఠంలో ఉన్నవే. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రొటీన్ తయారుచేస్తుంది, రక్తం గడ్డకట్టే పదార్థాలు తయారుచేస్తుంది, కామెర్లలో పేరుకునే పసుపు పదార్థం బిలిరుబిన్ని బయటికి పంపుతుంది, మనం మింగిన మందుల్లో చాలావాటిని విరిచేస్తుంది. ఇవన్నీ సగం సగం నడుస్తున్న మనిషికి మనం కేన్సర్ మందు ఇవ్వాలి. అందుకే ఏ మందు రాసే ముందైనా మేము చైల్డ్-ప్యూ స్కోరు వేస్తాం. బిలిరుబిన్ ఎంత, అల్బుమిన్ ఎంత, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోంది, పొట్టలో నీరు చేరిందా, మనిషి మగతగా తికమకగా ఉన్నాడా. ఈ అయిదింటినీ కలిపి కాలేయాన్ని ఏ, బి, సి అని మూడు తరగతులు చేస్తాం. ఏ అంటే ఫరవాలేదు, సి అంటే దాదాపు చేతులెత్తేసింది. ఒకే సైజు గడ్డ ఉన్న ఇద్దరిలో ఏ తరగతి మనిషి మందు తట్టుకుని తన పని తాను చేసుకుంటూ తిరగ్గలడు, సి తరగతి మనిషిని అదే మందు ముందే తీసుకుపోవచ్చు.

మామూలు కీమోథెరపీ ఇక్కడ నిలవలేకపోయింది. 1970ల నుంచి డాక్సోరుబిసిన్ వాడి చూశారు. ఆయుష్షు పెరిగినట్టు గట్టి రుజువు దొరకలేదు. కాలేయ కణానికి సహజంగానే విషాల్ని బయటికి తోసేసే పంపులు ఉంటాయి, కేన్సర్ కణం ఆ విద్యను మర్చిపోదు. పైగా ఆ మందుని ఒంట్లోంచి తీసేయాల్సింది కూడా కాలేయమే. గడ్డకి తగలాల్సిన దెబ్బ మనిషికి తగిలింది. 2007 వరకు ముదిరిన లివర్ కేన్సర్ రోగికి ఆయుష్షు పెంచుతుందని రుజువైన మాత్ర ఒక్కటి కూడా లేదు.

ఇక ఆ మొదటి మాత్ర, సొరాఫెనిబ్ సంగతి. ఇది పిల్లలు జాగ్రత్తగా వినాలి. 1990ల మధ్యలో బేయర్, ఆనిక్స్ కంపెనీలు కలిసి ఒక లక్ష్యం పెట్టుకున్నాయి. కణానికి 'పెరుగు, రెండుగా చీలు' అని కబురు అందించే వరసలో రాఫ్ అనే కైనేజ్ ఎంజైము ఉంటుంది. దాన్ని ఆపాలి. సుమారు 2 లక్షల పదార్థాల్ని జల్లెడ పట్టారు. దొరికింది ఒక థయనైల్ యూరియా, అదీ చాలా బలహీనమైనది. రాఫ్‌ని సగం ఆపడానికి 17 మైక్రోమోలార్, అంటే 17,000 నానోమోలార్ గాఢత కావాల్సి వచ్చింది. అక్కడి నుంచి ఒక చివర మీథైల్ గుంపు చేర్చి, ఇంకో చివర వలయాన్ని మార్చి, పిరిడిన్ పెట్టి, అంచెలంచెలుగా 6 నానోమోలార్‌కి తెచ్చారు. రెండు వేల రెట్లకు పైగా బలం పెరిగింది. కెమిస్టులు ఏళ్ళ తరబడి కూర్చుని ఒక్కొక్క బంధాన్ని మార్చి చూసిన ఫలితం అది. ఆసుపత్రిలో మేము రాసే మాత్ర వెనక ఎవరి చేతులున్నాయో మా వైద్యులకే గుర్తుండదు. ఈ వేదిక మీద నుంచి ఆ మాట చెప్పుకోవాలని నాకుంది.

తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. రాఫ్ కోసం చేసిన మందు మరికొన్ని కైనేజ్‌లని కూడా ఆపుతోందని తేలింది. వాటిలో ముఖ్యమైనవి వీఈజీఎఫ్, పీడీజీఎఫ్ అనే పెరుగుదల సంకేతాల్ని కణం మీద అందుకునే రిసెప్టర్లు. గడ్డ తనకు కొత్త రక్తనాళాలు మొలిపించుకునే దారి అది. కలుపు మొక్క మన పంట కాలువకి గండి కొట్టి తనవైపు ఒక పిల్లకాలువ తవ్వుకున్నట్టు ఊహించుకోండి. ఆ తవ్వకాన్ని ఆపే మందు ఇది. కాలేయంలో దీనికి ప్రత్యేకమైన అర్థం ఉంది. మామూలు కాలేయానికి రక్తంలో సుమారు ముప్పావు వంతు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా అందుతుంది. హెచ్‌సీసీ గడ్డ మాత్రం దాదాపు మొత్తం హెపాటిక్ ధమని మీదే బతుకుతుంది. స్కాన్‌లో రంగు మందు ఎక్కించగానే గడ్డ ధగధగా వెలిగేది అందుకే. ఇంతగా రక్తం మీద ఆధారపడే గడ్డకి రక్తనాళాల్ని ఆపే మందు సరిపోవడంలో ఆశ్చర్యం లేదు.

అయినా సొరాఫెనిబ్ మధ్యలోనే మూలపడి ఉండేదే. 2006లో అచ్చయిన రెండో దశ ట్రయల్‌లో 137 మందికి ఇచ్చి చూస్తే, గడ్డ చెప్పుకోదగ్గంతగా తగ్గినవాళ్ళు నూటికి ఇద్దరే. గడ్డ తగ్గడమే మందుకి పరీక్ష అనుకునే రోజులు అవి. ఆ లెక్కన ఇది తప్పిన మందు. కానీ రోగుల్లో మూడో వంతు మందికి కనీసం నాలుగు నెలల పాటు గడ్డ పెరగకుండా ఆగింది. కొందరిలో సైజు మారకపోయినా గడ్డ నడిమి భాగం చచ్చిపోయి కనిపించింది. ఆ ఆగిపోవడంలో విలువ ఉందని గుర్తించినవాళ్ళు మూడో దశకి, అంటే ఎక్కువమంది రోగుల్లో రెండు గుంపులు పోల్చి చూసే పరీక్షకి వెళ్ళారు.

ఆ మూడో దశ ట్రయల్ పేరు షార్ప్. బార్సిలోనాకు చెందిన జోసెప్ యొవెట్ నాయకత్వంలో జరిగింది, 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. 602 మంది రోగులు, దాదాపు అందరిదీ చైల్డ్-ప్యూ ఏ కాలేయం. మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో మీడియన్ ఆయుష్షు 7.9 నెలలు, సొరాఫెనిబ్ తీసుకున్నవాళ్ళలో 10.7 నెలలు. ఆసియా-పసిఫిక్ దేశాల్లో ఎక్కువగా హెపటైటిస్-బి రోగులతో జరిగిన రెండో ట్రయల్‌లో 4.2 నెలలు 6.5 అయింది. అమెరికాలో 2005లోనే కిడ్నీ కేన్సర్‌కి అనుమతి పొందిన ఈ మందుకి 2007లో లివర్ కేన్సర్‌కి కూడా అనుమతి వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే వెనక కూర్చున్నవాళ్ళకి ఈ అంకెలే గుండెల్లో గుచ్చుకుంటాయి. 'డాక్టరుగారూ, అంటే పది నెలలేనా?' అని అడుగుతారు. మీడియన్ అంటే ఏమిటి? రోగులందరినీ వరసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి ఆయుష్షు. సగం మంది అంతకంటే తక్కువ బతికారు, సగం మంది అంతకంటే ఎక్కువ బతికారు. ఆ ఎక్కువలో ఏడాదిన్నర ఉంది, రెండేళ్ళు ఉంది. మీ నాన్నగారు ఆ వరసలో ఎక్కడ నిలబడతారో చెప్పడానికి నేను ముందు చూసేది ఆయన బిలిరుబిన్, అల్బుమిన్, ఆయన తన పని తాను చేసుకోగలుగుతున్నారా అన్నది. అంకె చెప్పకుండా దాచడమూ తప్పే, అంకె ఒక్కటే చెప్పి ఊరుకోవడమూ తప్పే.

ఈ మందు సులువైనది కూడా కాదు. రోజుకి రెండుసార్లు 400 మిల్లీగ్రాములు. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి, పొక్కి, చర్మం మందంగా లేస్తుంది. చెప్పులు లేకుండా చేలో నడిచే మనిషికీ, రోజంతా పార పట్టే మనిషికీ ఇది చిన్న ఇబ్బంది కాదు. విరేచనాలు, నీరసం, బీపీ పెరగడం కూడా ఉంటాయి. మొదటి నుంచే యూరియా ఉన్న క్రీము రాసుకోవడం, మెత్తని చెప్పులు వేసుకోవడం, బీపీ చూసుకుంటూ ఉండటం, అవసరమైతే డోసు తగ్గించడం. ఇవి సరిగ్గా చేసినవాళ్ళే మందుని నెలల తరబడి తీసుకోగలుగుతారు. 'మందు పడలేదు' అని మానేసినవాళ్ళలో చాలామందికి డోసు సర్దితే సరిపోయేది. ఫార్మసిస్టు కౌంటర్లో నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడితే కాపాడగలిగే చికిత్స ఇది.

సొరాఫెనిబ్ తర్వాత పదేళ్ళ దాకా ఏదీ నిలబడలేదు. సునిటినిబ్, బ్రివానిబ్, లినిఫానిబ్, సొరాఫెనిబ్‌కి తోడుగా ఎర్లోటినిబ్, ఎవరోలిమస్. ఒకదాని తర్వాత ఒకటి మూడో దశలో ఓడిపోయాయి. సునిటినిబ్ కూడా రక్తనాళాల మీదే పనిచేస్తుంది, కిడ్నీ కేన్సర్‌లో మంచి పేరున్న మందు. లివర్ కేన్సర్‌లో దానితో మీడియన్ ఆయుష్షు 7.9 నెలలు, పోటీకి పెట్టిన సొరాఫెనిబ్‌తో 10.2. లక్ష్యం అదే అయినా సిర్రోసిస్ ఉన్న శరీరం దాని విషాన్ని మోయలేకపోయింది. టెస్ట్ ట్యూబులో కేన్సర్ కణాన్ని చంపిన మందు అక్కడితో పరీక్ష పాసయినట్టు కాదు, జబ్బుపడిన కాలేయం కూడా దాన్ని ఒప్పుకోవాలి.

టివాంటినిబ్ కథ ఇంకో రకం. ఇది మెట్ అనే రిసెప్టర్‌ని ఆపుతుందని నమ్మారు. అందుకే బయాప్సీలో మెట్ ఎక్కువగా ఉన్న రోగుల్నే ఏరి మూడో దశ ట్రయల్ చేశారు. పద్ధతి చూడటానికి చాలా శాస్త్రీయంగా ఉంది. ఫలితం ఉత్తుత్తి మాత్రతో సమానం. తర్వాత ల్యాబుల్లో చూస్తే ఆ మందు మెట్‌తో సంబంధం లేకుండా, కణం చీలడానికి కావలసిన ట్యూబ్యులిన్ని పట్టుకుని పనిచేస్తోందని తేలింది. గురి పెట్టింది ఒకదానికి, తగిలింది ఇంకోదానికి. మీలో ఎవరైనా రేపు ల్యాబులో 'ఇది ఫలానా టార్గెట్ మీద పనిచేస్తుంది' అని రాసే ముందు, ఆ టార్గెట్ లేని కణంలో కూడా వేసి చూడండి. ఆ చిన్న పరీక్ష ముందే చేసి ఉంటే ఎంతోమంది రోగుల సమయం మిగిలేది.

2017 నుంచి తలుపులు తెరుచుకున్నాయి. మొదట వచ్చింది రెగోరాఫెనిబ్. కెమిస్ట్రీ పిల్లలకి సరదాగా ఉంటుంది, సొరాఫెనిబ్ అణువులో ఒకచోట ఒక్క ఫ్లోరిన్ పరమాణువు చేర్చితే రెగోరాఫెనిబ్. సొరాఫెనిబ్ ఆపలేకపోయిన 573 మంది రోగుల్లో మీడియన్ ఆయుష్షుని 7.8 నుంచి 10.6 నెలలకి పెంచింది. అయితే ట్రయల్‌లోకి సొరాఫెనిబ్‌ని ఓ మోస్తరు డోసులో తట్టుకున్నవాళ్ళనే తీసుకున్నారు. కాలేయం నిలబడినవాళ్ళని ఏరారు, మందు నెగ్గింది. ఆ తర్వాత లెన్వాటినిబ్ వచ్చింది. 954 మందిలో సొరాఫెనిబ్‌తో నేరుగా పోటీపెడితే మీడియన్ ఆయుష్షు లెన్వాటినిబ్‌తో 13.6 నెలలు, సొరాఫెనిబ్‌తో 12.3 నెలలు. ఆయుష్షులో సమ ఉజ్జీ అని తేలింది, గడ్డని తగ్గించడంలో మాత్రం బాగా మెరుగు. దీని డోసు మనిషి బరువుని బట్టి ఉంటుంది, 60 కిలోలు, ఆపైన ఉంటే 12 మిల్లీగ్రాములు, లోపైతే 8. మన దగ్గర బక్కచిక్కి వచ్చే రోగులకి ఈ ఏర్పాటు బాగా ఉపయోగపడుతుంది. కబొజాంటినిబ్ కూడా రెండో వరస మందుగా, అంటే మొదటి మందు ఆపలేకపోయాక ఇచ్చేదిగా, నిలబడింది. రాముసిరుమాబ్ మాత్రం రక్తంలో ఏఎఫ్‌పీ (లివర్ కేన్సర్‌లో తరచు పెరిగే ఒక ప్రొటీన్) 400, అంతకు మించి ఉన్నవాళ్ళకే ఉపయోగపడింది. ఒక రక్తపరీక్షతో రోగిని ఏరి మందు ఇవ్వడం ఈ జబ్బులో అదే మొదలు.

మీకు ఒక సందేహం వచ్చి ఉండాలి. ఊపిరితిత్తుల కేన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ జన్యువు మారిందా అని చూసి దానికి తగ్గ మాత్ర ఇస్తారు కదా, కాలేయంలో అలా ఎందుకు లేదు? జన్యువుల్ని చదవలేదని కాదు, బాగా చదివారు. హెచ్‌సీసీ గడ్డల్లో సగానికి మించి టెర్ట్ జన్యువు ప్రమోటరులో, అంటే దాన్ని నడిపే మీటలో, మార్పు ఉంటుంది. టీపీ53లో, బీటా-కెటెనిన్ తయారుచేసే జన్యువులో మార్పులు ఒక్కొక్కటీ సుమారు మూడో వంతు గడ్డల్లో కనిపిస్తాయి. బాధ ఏమిటంటే వీటిలో ఒక్కదాన్ని కూడా పట్టుకునే మాత్ర మన చేతిలో లేదు. కైనేజ్‌కి ఏటీపీ అనే శక్తినిచ్చే అణువు కూర్చునే లోతైన గుంట ఉంటుంది, చిన్న అణువు అందులో ఇమిడిపోతుంది. బీటా-కెటెనిన్‌కి అలాంటి చోటు లేదు. కొంత ఆశ చూపింది ఎఫ్‌జీఎఫ్19 అనే పెరుగుదల సంకేతం, దాన్ని అందుకునే ఎఫ్‌జీఎఫ్ఆర్4 రిసెప్టర్ దారి. దాని మీద చేసిన ఫిసోగాటినిబ్ తొలిదశ ట్రయల్‌లో ఎఫ్‌జీఎఫ్19 ఉన్న గడ్డల్ని ఆరింట ఒకదాంట్లో తగ్గించింది. కొన్నాళ్ళకి గడ్డ ఆ రిసెప్టర్‌నే మార్చుకుని తప్పించుకుంది. తప్పించుకోవడానికి రిసెప్టర్‌ని మార్చుకోవాల్సి వచ్చిందంటే గురి సరైనదేనని నాకు నమ్మకం.

ఇంకో చిక్కు ఉంది. లివర్ కేన్సర్‌ని మంచి స్కాన్ తీసి, సిర్రోసిస్ ఉంటే, బయాప్సీ లేకుండానే నిర్ధారిస్తాం. రక్తస్రావం ముప్పు తప్పుతుంది కాబట్టి రోగికి అది మంచిదే. దానివల్ల పరిశోధనకి కణజాలం దొరకదు. ఇతర కేన్సర్లలో గడ్డ ముక్కలు భద్రపరిచి జన్యువుల్ని చదువుతుంటే మనం ఇక్కడ నలుపు తెలుపు బొమ్మలు పెట్టుకుని కూర్చున్నాం.

2020లో పెద్ద మలుపు వచ్చింది. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే రెండు ఇంజక్షన్లు మూడు వారాలకోసారి కలిపి ఇస్తారు. మొదటిది, రోగనిరోధక కణాలకి కేన్సర్ వేసిన బ్రేకుని తీసేస్తుంది. రెండోది వీఈజీఎఫ్‌ని పట్టుకుంటుంది. వీఈజీఎఫ్ రక్తనాళాలు మొలిపించడమే కాకుండా రోగనిరోధక కణాలు గడ్డలోకి రాకుండా కూడా అడ్డుకుంటుంది, కాబట్టి రెండు మందులూ ఒకదానికొకటి దారి చేస్తాయి. 501 మంది రోగుల ట్రయల్‌లో ఏడాది దాటి బతికినవాళ్ళు సొరాఫెనిబ్‌తో 54.6 శాతం, ఈ జంటతో 67.2 శాతం. తర్వాత పూర్తి లెక్క తేలినప్పుడు మీడియన్ ఆయుష్షు సొరాఫెనిబ్‌తో 13.4 నెలలు, జంటతో 19.2 నెలలు. సొరాఫెనిబ్‌ని నేరుగా ఓడించిన మొదటి చికిత్స ఇదే, పదమూడేళ్ళు పట్టింది. 2022లో అమెరికాలో డుర్వాలుమాబ్, ట్రెమెలిముమాబ్ జంటకి అనుమతి వచ్చింది. ఇందులో ట్రెమెలిముమాబ్ ఒకే ఒక్కసారి ఇస్తారు. ఆ చికిత్స తీసుకున్నవాళ్ళలో దాదాపు అయిదో వంతు మంది అయిదేళ్ళకి కూడా బతికే ఉన్నారు. నేను చదువుకునే రోజుల్లో ముదిరిన లివర్ కేన్సర్‌కి 'అయిదేళ్ళు' అన్న మాట పుస్తకంలో ఉండేది కాదు.

ఇక్కడ కూడా కాలేయమే ముందు మాట్లాడుతుంది. సిర్రోసిస్ ఉన్నవాళ్ళకి అన్నవాహికలో సిరలు ఉబ్బి ఉంటాయి, పగిలితే రక్తపు వాంతులు. బెవాసిజుమాబ్ రక్తస్రావాన్ని పెంచే మందు. అందుకే మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీ చేసి, అవసరమైతే ఆ సిరలకి బ్యాండ్లు వేయాలి. 'అర్జెంటుగా ఇంజక్షన్ ఇవ్వండి, ఎండోస్కోపీ తర్వాత చూద్దాం' అని బతిమాలే బంధువులుంటారు. వాళ్ళ టెన్షన్ నాకు అర్థమవుతుంది. అయినా ఒప్పుకోను. హెపటైటిస్-బి ఉన్నవాళ్ళకి టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ మాత్ర కూడా దీనితోపాటే మొదలవ్వాలి. కేన్సర్ తగ్గుముఖం పడుతుంటే వైరస్ చెలరేగి కాలేయాన్ని ముంచేయడం కంటే బాధాకరమైనది లేదు, పైగా చవకైన మాత్రతో ఆగేది.

ధర సంగతి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. హైదరాబాద్ పేరు అందులో పెద్ద అక్షరాలతో ఉంది. సొరాఫెనిబ్‌ని బేయర్ నెక్సావర్ పేరుతో అమ్మేది, మన దేశంలో నెలకి 2,80,428 రూపాయలు. అవసరమైన రోగుల్లో రెండు శాతం పైచిలుకు మందికే అది అందుతోందని విచారణలో తేలింది. హైదరాబాద్‌కి చెందిన నాట్కో ఫార్మా పేటెంట్ చట్టం 84వ సెక్షన్ కింద కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ మందు తయారుచేసి అమ్మే అనుమతి, కోరింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ అనుమతి ఇచ్చారు. దేశంలో అదే మొదటి కంపల్సరీ లైసెన్సు. నాట్కో నెలకి 8,880 రూపాయలకి మించకుండా అమ్మాలి, బేయర్‌కి 6 శాతం రాయల్టీ చెల్లించాలి, ఏటా కనీసం 600 మంది పేద రోగులకి ఉచితంగా ఇవ్వాలి, ఇవీ అప్పటి షరతులు. అప్పీలులో రాయల్టీ 7 శాతమైంది, లైసెన్సు మాత్రం నిలబడింది. బాంబే హైకోర్టు, సుప్రీంకోర్టు రెండూ 2014లో బేయర్ వాదనని తోసిపుచ్చాయి.

ఆ కంపెనీ వాదనలో ఏమీ లేదని నేను అనను. 2 లక్షల పదార్థాల్ని జల్లెడ పట్టినవాళ్ళు, ఓడిపోయిన ట్రయళ్ళ ఖర్చు భరించినవాళ్ళు ఆ డబ్బు ఎక్కడో రాబట్టుకోవాలి. కానీ నూటికి తొంభై ఏడు మందికి అందని మందు ఆ తొంభై ఏడు మంది విషయంలో ఇంకా పుట్టనట్టే. ఆలస్యమయ్యే కొద్దీ కాలేయం ఏ నుంచి బికి, బి నుంచి సికి జారుతుంది. పొలం బేరం కుదిరేలోపు మందు తీసుకునే అర్హతే పోయిన రోగుల్ని నేను చూశాను. 8,880 రూపాయలు చేసిన మేలు నాకు అక్కడ కనిపిస్తుంది, మందు వేళకి అందింది.

ఇప్పుడు అదే ప్రశ్న ఇమ్యూనోథెరపీతో, అంటే రోగనిరోధక శక్తిని గడ్డ మీదికి పంపే ఈ ఇంజక్షన్లతో, మళ్ళీ ఎదురైంది. బెవాసిజుమాబ్‌కి బయోసిమిలర్లు, అంటే అసలు మందుకి సాటిగా వేరే కంపెనీ చేసినవి, హైదరాబాద్ కంపెనీలు కూడా తయారుచేస్తున్నాయి, హెటెరో 2016లో, డాక్టర్ రెడ్డీస్ 2019లో తెచ్చాయి. జంటలోని అటెజోలిజుమాబ్ ధరే సామాన్యుడికి అందనంత ఎత్తులో ఉంది. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ కేన్సర్లలో నివోలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందుని కీమోకి తోడుగా, మామూలు డోసులో పదో వంతు కూడా లేని 20 మిల్లీగ్రాములుగా ఇచ్చి, కీమో ఒక్కటే ఇచ్చినప్పటికంటే ఏడాది బతికినవాళ్ళ శాతాన్ని 16.3 నుంచి 43.4కి తీసుకెళ్ళారు. లివర్ కేన్సర్‌లో ఇది పనిచేస్తుందని అనుకోకూడదు, అక్కడ విడిగా పరీక్షించాలి. ఆ పరీక్ష ఏ పెద్ద కంపెనీ చేయదు, తక్కువ మందు అమ్ముడవడంలో వాళ్ళకి లాభం లేదు. మన ప్రభుత్వ సంస్థలే చేయాలి.

వెనక కూర్చున్నవాళ్ళకి రెండు విషయాలు చెప్పాలి. ఒకటి హెపటైటిస్-బి టీకా. తైవాన్ 1984లో అప్పుడే పుట్టిన పిల్లలకి దీన్ని వేయడం మొదలుపెట్టింది, ఆ తరం పిల్లల్లో లివర్ కేన్సర్ తగ్గిపోయింది. మన దేశంలో రీకాంబినెంట్ పద్ధతిలో ఈ టీకాని మొదట చేసింది కూడా హైదరాబాదే. వరప్రసాద్ రెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వాక్-బి తెచ్చింది, దిగుమతి టీకా ధరలు దాంతో నేలకి దిగాయి. రెండోది, బూజు పట్టిన వేరుశెనగ, మొక్కజొన్న తినొద్దు. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ టీపీ53 జన్యువుని నేరుగా దెబ్బతీస్తుంది, హెపటైటిస్-బి ఉన్నవాళ్ళకి ఆ ముప్పు ఎన్నో రెట్లు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ దీన్ని చవగ్గా పసిగట్టే కిట్ తయారుచేసింది.

ఇంట్లో ఎవరికైనా సిర్రోసిస్ ఉంటే, బాగానే తిరుగుతున్నా సరే, ఆరు నెలలకోసారి పొట్ట స్కాన్, ఏఎఫ్‌పీ పరీక్ష చేయించండి. హెపటైటిస్-బి ఉన్నవాళ్ళు సిర్రోసిస్ లేకపోయినా ఇది తమకి అవసరమా అని డాక్టరుని అడగండి. చిన్న గడ్డగా దొరికితే ఆపరేషన్, గడ్డని కాల్చేయడం, కాలేయ మార్పిడి అనే దారులు ఉంటాయి. నేను ఇంతసేపు చెప్పిన మందులేవీ అక్కర్లేకుండా పోవచ్చు. కామెర్లు వచ్చాయని పసరు మందు కోసం రెండు మూడు నెలలు తిరిగి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ముందు ఒక స్కాన్ తీయించండి.

పిల్లలూ, మీకు ఒక పని అప్పగించి ముగిస్తాను. నేను చెప్పిన పెద్ద ట్రయళ్ళు దాదాపు అన్నీ చైల్డ్-ప్యూ ఏ కాలేయం ఉన్నవాళ్ళ మీద జరిగినవే. మా ఓపీకి వచ్చేవాళ్ళలో బి తరగతి వాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళకి ఏ మందు ఎంత డోసులో ఇవ్వాలో గట్టిగా చెప్పే సమాచారం చాలా తక్కువ. సగం డోసుతో మొదలుపెట్టి, వారం వారం బిలిరుబిన్ చూసుకుంటూ, చేయి పెంచాలా తగ్గించాలా అని తడుముకుంటున్నాం. దెబ్బతిన్న కాలేయం లెన్వాటినిబ్‌ని ఎంత వేగంగా విరుస్తుంది, రక్తంలో అది ఎంతసేపు ఎంత ఉంటుంది, మన రోగుల బరువుకీ అల్బుమిన్‌కీ అది ఎలా మారుతుంది? ఫార్మకోకైనెటిక్స్ మీ సబ్జెక్టు. ప్రాజెక్టుకి అంశం వెతుక్కుంటున్నవాళ్ళు ఉంటే సభ అయ్యాక ఆగండి, రక్త నమూనాలు ఎలా సేకరించాలో, ఎథిక్స్ కమిటీ అనుమతికి ఏం రాయాలో కూర్చుని మాట్లాడుకుందాం.